మా కబడ్డీ టీమూ, నలభై సీట్ల లొల్లీ

ఆటలంటే నాకు చిన్నప్పటి నుంచి పడదు. బడిల డ్రిల్లు పీరియడ్ అనంగనే కడుపునొప్పి అని చెప్పి క్లాసులనే కూసునేదాన్ని. అసొంటి నన్ను, మా యూనివర్సిటీల ఆటలు పైకి రావాలంటే అడ్మిషన్లు పెంచాలెనా వద్దా అని తేల్చే కమిటీల ఏసిన్రు. మిగిలినోళ్లందరికి ముందుగాలనే ఏదో ఒక పక్షం ఉండె. నేను లైబ్రేరియన్‌ను గదా, నాకు ఏ పక్షం ఉండదనుకున్నరు.

నాకూ పక్షం ఉండె. పైకి చెప్పలే, గంతే.

మాది పురానాపూల్ దగ్గర ఒక పాత దేవిడీని, అంటే నవాబుల నాటి పెద్ద బంగ్లాను, బాగుచేసి పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ. పేరు బోర్డు మీద పట్టనంత పొడుగు, లోపల పిల్లలు మాత్రం ఒక మోస్తరు హైస్కూలంత మంది. పొద్దున మెట్ల మీద నిలబడితే ఇయ్యాల ఎవరు రాలేదో మా వైస్ ఛాన్స్‌లర్ మేడం చూడంగనే చెప్తది. వెనుక ఎర్రమట్టి గ్రౌండు. పై అంతస్తుల నా లైబ్రరీ, దాని పక్కన పొడుగాటి రీడింగ్ హాలు. మందమైన గోడలు, ఎత్తు కిటికీలు, ఎండకాలం కూడా చల్లగ ఉంటది. ఆ హాలు తాళంచేయి నేను చేరిన దినం నుంచి నా కొంగుకే ఉన్నది.

యూనివర్సిటీ పెట్టిన చైర్మన్ సాబ్‌ది బేగంబజార్. తాతల నాటి నుంచి స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం. చదువంటే గౌరవం, ఆటంటే పిచ్చి. మొదటి మీటింగుల చేతులు ఊపుకుంట చెప్పిండు: "మేడంజీ, టీమ్ గెలిస్తే పేపర్ల ఫోటో వస్తది. ఫోటో వస్తే అడ్మిషన్లు వస్తయి. అడ్మిషన్లు వస్తే ఇంకో టీమ్. సీదా బాత్. ఇంకో ఐదు వందల సీట్లు తెద్దాం. కబడ్డీ, ఫుట్‌బాల్, బాక్సింగ్, అన్నీ పెడుదాం."

వీసీ మేడం చరిత్ర చెప్పిన మనిషి. నెమ్మదిగ మాట్లాడతది. "ఐదు వందల మందిని ఆట పేరు మీద తెచ్చి, ఆట అయిపోయినంక వాళ్లనేం చేస్తం సర్? పాఠం చెప్పేటోళ్లు ఏరి? ఇప్పుడు నాకు ప్రతి పిల్ల పేరు తెలుసు. రేపు గుర్తింపు కార్డు చూసి పిలవాల్సి వస్తది."

"మరి క్లాసులకు జాగ?" అని ఎవరో అడిగిన్రు.

"పైన రీడింగ్ హాలు ఉన్నది గదా," అన్నడు చైర్మన్ సాబ్. "ఇప్పటి పిల్లలు ఫోన్ల చదువుకుంటున్నరు. దాన్ని రెండు ముక్కలు చేస్తే ఒకటి క్లాసు, ఒకటి జిమ్."

నా చెయ్యి కొంగుకున్న తాళంచేయి మీదికి పోయింది. ఆ క్షణమే మనసుల ఓటేసిన, వద్దని.

నెల తిరగక ముందే పీడీ సర్ లైబ్రరీకొచ్చిండు. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్, పిల్లలకు ఆటలు నేర్పే సారు. ఆయన మెట్లెక్కి నా దగ్గరకు రావుడు అదే మొదటిసారి. "మేడం, ఆడపిల్లల కబడ్డీ టోర్నమెంటు ఉన్నది. లేడీ స్టాఫ్ ఒకరు వెంట ఉండాలె, రూలు. ఎప్పుడూ వచ్చే మేడంకు జ్వరం. రెండు దినాలే. మీరు కుర్చీల కూసుంటె సాలు."

కమిటీల ఉన్న కాబట్టి కాదనలేకపోయిన. సంచిల ఒక పుస్తకం పెట్టుకొని పోయిన. రెండు దినాలల్ల దాన్ని ఖతం చేస్త అనుకున్న.

మా టీమ్‌ల సరిగ్గ ఏడుగురు పిల్లలు. కబడ్డీకి కోర్టుల ఏడుగురే కావాలె గని, ఎవరికన్న దెబ్బ తగిలితే దింపుతందుకు ఇంకో ఐదుగురు బయట కూసోవాలె. వేరే యూనివర్సిటీ పిల్లలు ఒక్కటే రంగు ట్రాక్‌సూట్లు ఏసుకొని బెంచీ నిండ కూసున్నరు. మా బెంచీ మీద నేను, నీళ్ల డబ్బా, ఏడు జతల చెప్పులు.

మా కెప్టెన్ బీఏ రెండో సంవత్సరం పిల్ల. వాళ్ల బాపు బేగంబజార్‌ల హమాలీ, మూటలు మోస్తడు. ఆ పిల్ల నాకు తెలిసింది లైబ్రరీల ఫ్యాను కింద తలవంచి నిద్రపోయే పిల్లగనే. ఎన్నిసార్లు లేపి పంపిననో. ఆ నిద్రమొకం పిల్ల కోర్టుల గీత మీద నిలబడి, రెండు చేతుల మట్టి రుద్దుకొని, కూత పెట్టుకుంట అవతలి దిక్కు పోతుంటే నేను గుర్తుపట్టలే. నడుం వంచి, కాళ్లు నేలకు ఆనీ ఆనకుండ, అటు ఇటు ఊగుకుంట ఏడుగురి నడుమ తిరిగింది. ఒకామె కాలు పట్టుకున్నది, ఇంకొకామె నడుం పట్టుకున్నది. ఇద్దరిని ఈడ్చుకుంట వచ్చి వేలికొసతోని గీతను ముట్టింది.

నేనెప్పుడు లేచి నిలబడ్డనో నాకు తెల్వదు. పుస్తకం కింద పడ్డది. "ముట్టింది! ముట్టింది సర్, నేను చూసిన!" అని రిఫరీ మీద అరుస్తున్న. పీడీ సర్ నా ముంగటికొచ్చి, "మేడం, పాయింటు మనకే ఇచ్చిన్రు, కూసోండ్రి," అన్నడు.

మొదటి మ్యాచ్ గెలిచినం. రెండోది కూడ గెలిచినం. పగటిపూట తిండి తినబుద్ధి కాలే. పిల్లలకు అరటిపండ్లు ఒలిచి ఇచ్చిన. ఆ దినం ఇంటికి పోయి, ఆర్టీసీల మెకానిక్‌గ చేసి రిటైరైన మా నాయినకు టీ గ్లాసులు బల్లమీద పెట్టి రైడ్ ఎట్ల చేస్తరో చూపించిన. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బిడ్డా, బాగనే ఉన్నవా?" అన్నడు.

తెల్లారి సెమీఫైనల్. సగం ఆట అయ్యేసరికి మా పిల్లలే రెండు పాయింట్లు మీదున్నరు. అప్పుడు మా దాంట్ల ఒక పిల్ల అవతలామెను పట్టుకోబోయి కింద పడ్డది. మడిమె మెలిపడ్డది. చూస్తుండంగనే ఉబ్బింది. డాక్టరు మంచు పెట్టి, ఇగ ఆడొద్దన్నడు. అవతలోళ్ల పిల్లకు కూడ కొద్దిసేపటికి మోచెయ్యి కొట్టుకున్నది. వాళ్లు బెంచీ మీది నుంచి ఇంకో పిల్లను దింపిన్రు. మా దాంట్ల దింపుతందుకు ఎవరున్నరు? ఆ పిల్ల నా ఒళ్ల కాలు పెట్టుకొని ఏడ్చుకుంట అరుస్తున్నది, "పట్టుండ్రే, ఇడువకుండ్రే!"

ఆరుగురే ఆడిన్రు. ఒక్కొక్కరు ఇద్దరి జాగ కాపాడిన్రు. ఆఖరు రైడ్ దాకా సమానంగ ఉండె. ఆఖరు రైడ్‌ల అవతలి పిల్ల మా మూల ఖాళీగ ఉన్నది చూసి అటు దిక్కు దూకి, ఒకరిని ముట్టి ఉరికింది. ఒక్క పాయింటుతోని పోయింది.

మా కెప్టెన్ ఏడ్వలే. వచ్చి నా పక్కన కూసొని, దుమ్ము మొకంతోని అన్నది, "ఇంకొక్క పిల్ల ఉంటే గెలుస్తుంటిమి మేడం."

నీళ్ల డబ్బా ఆ పిల్ల దిక్కు జరిపిన.

వాపసు బస్సుల ఆ పిల్ల పక్కనే కూసున్న. అరిచి బొంగురుపోయిన గొంతుతోని అడిగిన, "మన దగ్గర ఇంకెవ్వరు ఆడరా?"

"ఆడేటోళ్లు ఉన్నరు మేడం. మన దగ్గర లేరు, మా గల్లీల ఉన్నరు," అన్నది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంట చెప్పింది. ఒకామె మసాలా ప్యాకింగ్‌ల, ఒకామె ప్లాస్టిక్ సామాన్ల దుకాణంల, ఒకామె గిన్నెల దుకాణంల. అందరూ ఇంటర్ పాసైనోళ్లే. బడిల ఉన్నప్పుడు అందరు కలిసి ఆడినోళ్లే.

"మరి మన దగ్గర చేరరేంది? సీట్లు ఖాళీగనే ఉన్నయి గదా."

"మన క్లాసులు పదింటికాయె మేడం. దుకాణం షట్టరు కూడ అప్పుడే లేపుతరు."

కమిటీల ఐదు వందల సీట్లా, సున్ననా అని కొట్లాడుతున్నరు. ఈ పిల్లలకు సీట్ల ఫికర్ లేదు, టైముది ఫికర్. ఆ ముచ్చట మా ఎవ్వరికి తట్టలే.

ఆ వారంలనే ఒక పగటిపూట సెలవు పెట్టి కెప్టెన్‌ను వెంటబెట్టుకొని బేగంబజార్‌కు పోయిన. హమాలీలు "హటో, హటో" అనుకుంట బండ్లు గుంజుతున్నరు. పిల్ల ముందు, నేను ఎనుక, సందులల్ల దూరి ఒక గిన్నెల దుకాణం ముంగట ఆగినం. పైన బోర్డు చూసి నేను బిత్తరపోయిన. అది మా చైర్మన్ సాబ్ దుకాణమే.

లోపల అటక మీది నుంచి ఒకాయన డేక్షలు ఒక్కొక్కటి కిందికి ఇడుస్తున్నడు. కింద ఒక పిల్ల, పొట్టిగ, గట్టిగ, ఒక్కటి కూడ జారకుండ పట్టి పేరుస్తున్నది. కండ్లు పైనే, చేతులు మాత్రం వాటంతట అవే పనిచేస్తున్నయి. "గిదే మేడం," అన్నది కెప్టెన్. "మా బడిల అందరికంటే మంచి రైడర్."

ఆ పిల్లను బయటికి పిలిచి అడిగిన, "పొద్దుగాల క్లాసులు పెడితే వస్తవా?"

"డిగ్రీ కోసమైతే నాకు ఆశ లేదు మేడం," అన్నది మొకం మీదనే. "ఆట ఉంటదంటే వస్త."

సాయంత్రం వాళ్లింటికి పోయినం. వాళ్లమ్మ బియ్యం ఏరుకుంట మా మాటలన్ని విన్నది. ఆఖరుకు చేట పక్కన పెట్టి అన్నది, "ఆట కోసమైతే పంప మేడం. కాలు ఇరిగితే ఎవరు చూస్తరు? డిగ్రీ వస్తదంటే పంపుత."

నాకు నవ్వొచ్చింది. కెప్టెన్ కూడ నవ్వింది. ఆ పిల్లకు ఆట, తల్లికి చదువు. రెండూ ఒక్క జాగల దొరకాలె, గంతే గదా. గట్ల నాలుగు దినాలు గల్లీలు తిరిగిన. ఎక్కడ పోయినా గిదే మాట. మసాలా ప్యాకింగ్ పిల్ల అయితే నా చెయ్యి పట్టుకొని, "ఎప్పటి నుంచి మేడం? సోమవారం నుంచా?" అని అడిగింది. ఇంక కమిటీ ఏమంటదో నాకే తెల్వదు, ఆ పిల్లకేం చెప్పాలె? "జల్ది చెప్త," అన్న.

రిపోర్టు రెండు పేజీలు రాసిన. ఐదు వందలొద్దు. ఒక్క సెక్షన్, నలభై సీట్లు. పొద్దున ఐదున్నరకు గ్రౌండు, ఏడింటికి క్లాసులు, పదింటికల్ల ఇడిచిపెట్టుడు. రాసిందంత ఒకసారి చదువుకున్న. వానకాలంల గ్రౌండు బురద అయితది, పిల్లలు యాడ ఆడుతరు? చాలాసేపు పెన్ను పట్టుకొని కూసున్న. తర్వాత ఇంకొక లైను రాసిన, వాన దినాలల్ల రీడింగ్ హాలుల సగం జాగ కబడ్డీ మ్యాట్‌కు ఇస్తం అని. రాసినంక లేచి హాలులకు పోయి, బల్లలు ఎంత జరపాలెనో అడుగులతోని కొలిచిన.

మీటింగుల మస్తు లొల్లి అయింది.

"నలభయా?" అన్నడు చైర్మన్ సాబ్. "ఐదు వందలు అడిగితే నలభై అంటరేంది మేడంజీ?"

వీసీ మేడం నా దిక్కు చూసింది. "నువ్వు కూడానా అమ్మా? హాలు ముట్టుకోవద్దని అందరికంటే ముందు నువ్వే అంటవనుకున్న."

నాకు ఆగలే. లేచి నిలబడి మొదలుపెట్టిన. ఆరుగురు పిల్లలు ఎట్ల ఆడిన్రో, ఖాళీ మూల ఎట్ల కొంప ముంచిందో, బస్సుల పిల్ల ఏం చెప్పిందో, అన్ని చెప్పిన. చేతులు ఊపుతున్న, బల్ల మీద గుద్దుతున్న. ఇన్నేండ్లల్ల ఆ గదిల నా గొంతు గట్ల ఎవ్వరు వినలే. ఆఖరుకు అన్న, "సర్, మీరు ఆటగత్తెల కోసం ఐదు వందల సీట్లు కావాలంటున్నరు. అందరికంటే మంచి రైడర్ మీ దుకాణంలనే డేక్షలు పడుతున్నది."

చైర్మన్ సాబ్ నోరు తెరిచిండు. "మా దుకాణంలనా? ఎవరు? గా పొట్టి పిల్లా?"

"గా పొట్టి పిల్లనే సర్. అటక మీది నుంచి ఇడిచిన డేక్షను ఎట్ల పడుతదో ఒక్కసారన్న చూసిన్రా?"

దుకాణంల ఆయన గల్లపెట్టె దిక్కు మొకం పెట్టి కూసుంటడు, ఎట్ల చూస్తడు? కొద్దిసేపు గడ్డం రుద్దుకున్నడు. "పదిన్నరకు వచ్చినా నేనేం అనను," అన్నడు మెల్లగ. "ఇంక మిగిలిన దుకాణాలోళ్లతోని కూడ నేను మాట్లాడుత. అందరు మా వాళ్లే గదా."

వీసీ మేడం మాత్రం గంత సులువుగ ఒప్పుకోలే. రిపోర్టు మళ్లొకసారి చదివి, కండ్లద్దాలు తీసింది. "నాకొక మాట రాసియ్యండి. ఆట కోసం చేరిన పిల్ల రేపు దెబ్బ తగిలో, ఇష్టం లేకనో ఆట మానేస్తే, సీటు మానేయాల్సిన పని లేదు. డిగ్రీ అయ్యేదాకా ఆ సీటు ఆమెదే. ఇది రాస్తే సంతకం పెడత."

పీడీ సర్ గొణిగిండు, "గట్లయితే అందరు చేరినంక ఆట మానేస్తరు మేడం."

"మానేస్తే మానేయనీ. చదువుకుంటరు గదా," అన్నది ఆమె. ఆ మాట రాసినం. ఆమె సంతకం పెట్టింది.

ట్రయల్స్ ఒక ఆదివారం పొద్దున పెట్టినం. ఇరవై మంది వస్తరని పీడీ సర్ లెక్క. నేను ఆరింటికల్ల పోయేసరికి గేటు ముంగట లైను. ఆడపిల్లలు, వాళ్ల తల్లులు, వదినెలు, ఒక ముసలవ్వ కూడ. లైను గల్లీ మలుపు తిరిగి పురానాపూల్ రోడ్డు దాకా పోయింది. పీడీ సర్ విజిల్ నోట్ల పెట్టుకొని ఊదుడు మరిచిపోయి నిలబడ్డడు. ఎక్కడెక్కడి పిల్లలో! చుడీదార్ చున్నీ నడుంకు కట్టుకున్నోళ్లు, తమ్ముని ట్రాక్‌ప్యాంటు ఏసుకొచ్చినోళ్లు, ఉత్త కాళ్లతోని వచ్చినోళ్లు. ఒక పిల్ల బుర్ఖా తీసి మడిచి, "మేడం, జరా పకడో," అని నా చేతుల పెట్టి కోర్టులకు ఉరికింది. ఉరికిన తీరు చూసి లైనుల ఉన్నోళ్లందరు సీటీలు కొట్టిన్రు. గిన్నెల దుకాణం పిల్ల మొదటి రైడ్‌లనే ముగ్గురిని ముట్టొచ్చింది. చైర్మన్ సాబ్ గోడకు ఆనుకొని చూస్తుండె, చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రగ చేసుకున్నడు. "గిది మా దుకాణం పిల్ల! మా దుకాణం!" అని పక్కనోళ్లకు చెప్తున్నడు.

పగటిజాముకల్ల నలభై దాటి మస్తు మంది అయిన్రు. చైర్మన్ సాబ్ అన్నడు, "అందరినీ తీసుకుందాం మేడంజీ, ఇప్పుడేమంటరు?" నిజం చెప్పాలంటే నాకూ గదే అనిపించింది. ఆ పిల్లల మొకాలు చూసుకుంట వద్దని ఎట్ల చెప్తం? నేను వీసీ మేడం దగ్గరికి పోయి బతిమాలిన. ఆమె కిటికీల నుంచి ఆ లైనును చూస్తున్నది. ఆమె కండ్లల్ల నీళ్లుండె. అయినా తల అడ్డంగ ఊపింది. "గంత మందికి పాఠం చెప్పేటోళ్లు లేరమ్మా. నలభై అన్నం, నలభైకే మాటిచ్చినం."

మిగిలినోళ్లకు చెప్పుడు నా వంతు అయింది. పేర్లు, ఫోన్ నంబర్లు నోటుబుక్కుల రాసుకున్న. మసాలా ప్యాకింగ్ పిల్లకు సీటు దొరికింది. సోమవారం కాదు గని, ఇంకో రెండు వారాలకు క్లాసులు మొదలయినయి.

అనుకున్నట్టు ఏం జరగలే. ఆ ఏడు పన్నెండు మంది టీమ్‌తోని, కొత్త జెర్సీలతోని టోర్నమెంటుకు పోయి మొదటి మ్యాచ్‌లనే ఓడిపోయినం. పాతోళ్లకు కొత్తోళ్ల ఆట తెల్వదు, ఒక్కరినే ఇద్దరు పట్టబోయి ఒకరి మీద ఒకరు పడ్డరు. దసరా వచ్చేసరికి కొంతమంది పొద్దుగాల లేవలేక గ్రౌండుకు రావుడు బంద్ చేసిన్రు. అందుల ఇద్దరు ముగ్గురు క్లాసులకు మాత్రం వచ్చిన్రు, రాసుకున్న మాట వాళ్లకు పనికొచ్చింది. గిన్నెల దుకాణం పిల్ల ఇంగ్లీషుల ఫెయిల్ అయింది. ఆమెనే కాదు, సెక్షన్‌ల సగం మంది అయిన్రు.

వానకాలం మాత్రం నేను మరువను. హాలుల బల్లలు ఒక దిక్కు జరిపి మ్యాట్ పరిచినం. ఒక పక్క పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఇంకో పక్క ధనాధన్ పడేటోళ్లు. చదువుకునేటోళ్లు నాకు కంప్లైంట్ చేస్తరనుకున్న. మూడో దినానికి పుస్తకాలు మూసి వాళ్లే పాయింట్లు లెక్కపెడుతున్నరు.

ఈ సంవత్సరం మళ్ల మీటింగ్ అయింది. టీమ్ ఈసారి ఫైనల్ ఆడొచ్చింది, రెండో నంబరు. చైర్మన్ సాబ్ పొంగిపోతున్నడు, ఫుట్‌బాల్ అంటున్నడు. నేను ఊహించనిది ఏందంటే, వీసీ మేడం తనే అన్నది, "ఇంకో నలభై తీసుకుందాం. ఆ నోటుబుక్కుల పేర్లున్నయి గదా."

అందరు నా దిక్కు చూసిన్రు, నేను ఎగిరి గంతేస్త అనుకొని. నా లోపల గంతులేస్తనే ఉన్న. అయినా అన్న, "ముందుగాల ఇంగ్లీషు చెప్పేటోళ్లను ఇద్దరిని తీసుకోండ్రి మేడం. ఉన్న పిల్లలు పాసైతే వాళ్లే ఇంకో నలభై మందిని పిలుచుకొస్తరు."

గిప్పుడు ఇద్దరు కొత్త టీచర్లు వచ్చిన్రు. రెండో సెక్షన్ వచ్చే ఏడు. నోటుబుక్కుల ఉన్న పిల్లలకు నేనే ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్న. కొందరికి పెండ్లిళ్లయినయి, అయినా వస్తమంటున్నరు. ఒకామె, "మేడం, నా బిడ్డకు ఎనిమిది నెలలు, గ్రౌండుకు తీసుకురావచ్చునా?" అని అడిగింది. రమ్మన్న. వీసీ మేడంకు ఇంకా చెప్పలే.

బహదూర్‌పురాల పొద్దుగాల ఐదింటికి బస్సెక్కుతున్న. అప్పటికి కండక్టరుకు కూడ నిద్ర మబ్బు పోదు. లైబ్రరీ తొమ్మిదింటికి తెరవాలె, ఐదున్నరకు నాకు గ్రౌండుల ఏం పని లేదు. అయినా పోతున్న. ఎవరు ఎవరిని ముట్టిన్రో చూడకుంటే దినమంత పని మీద మనసు నిలబడదు.